సంస్కర్త వెళ్లిపోయాక జైల్లో మిగిలేది ఎవరు? 'బ్రూబేకర్' సినిమా, మన జైలు మాన్యువళ్లు

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం, కులాన్ని బట్టి బ్యారక్‌లు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. మూడు నెలల్లోగా జైలు మాన్యువళ్లను సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషన్ మీద అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రా ఇచ్చిన తీర్పు ఇది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి దాదాపు 75 ఏళ్లు గడిచాక, జైలు లోపల పాకీ పని ఎవరు చేయాలో కులం నిర్ణయించకూడదని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది.

తీర్పు వచ్చింది. ఇప్పుడు లోపల ఏం మారింది అనేది అసలు ప్రశ్న. ఈ ప్రశ్న అడగడానికి ఒక పాత అమెరికన్ సినిమా పనికొస్తుంది. 1980లో వచ్చిన 'బ్రూబేకర్'. స్టువర్ట్ రోజెన్‌బర్గ్ దర్శకుడు, రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ కథానాయకుడు. జైలును బాగుచేయాలని వచ్చిన ఒక అధికారిని ఆ జైలు వ్యవస్థ ఎలా బయటికి గెంటేసిందో చెప్పే కథ. ఇందులో చూపించిన దానితో పాటు చూపించకుండా వదిలేసిన దాని గురించి కూడా మనం మాట్లాడుకోవాలి.

కథ ఏమిటి?

వేక్‌ఫీల్డ్ అనే జైలు పొలానికి కొత్త వార్డెన్‌గా నియమితుడైన హెన్రీ బ్రూబేకర్, తానెవరో చెప్పకుండా ఖైదీ వేషంలో లోపలికి వస్తాడు. పురుగులు పట్టిన తిండి, కొరడా దెబ్బలు, లైంగిక దాడులు, డబ్బిస్తే తప్ప చెయ్యి వేయని డాక్టరు, అన్నీ ఖైదీగానే చూస్తాడు. అక్కడ కాపలా కాసేవాళ్లు జీతగాళ్లు కారు. తుపాకులు పట్టుకున్న ఖైదీలే. వాళ్లను 'ట్రస్టీ'లంటారు, అంటే నమ్మకస్తులు. ఒంటరి సెల్లులో మగ్గిపోతున్న ఒక ఖైదీ మరో ఖైదీని పట్టుకుని చంపుతానని బెదిరించినప్పుడు బ్రూబేకర్ తానెవరో బయటపెడతాడు. ఆ ఖైదీగా చిన్న పాత్రలో కనిపించేది అప్పటికింకా పెద్ద పేరు రాని మోర్గన్ ఫ్రీమన్.

ఆ తర్వాత సంస్కరణలు మొదలవుతాయి. కొట్టడం ఆగుతుంది, తిండి మెరుగవుతుంది, ఖైదీల కౌన్సిల్ ఏర్పడుతుంది. లెక్కల పుస్తకాలు తెరవగానే అసలు గొడవ మొదలవుతుంది. ఖైదీలు పండించిన పంట, పెంచిన పశువులు, వండాల్సిన సరుకు ఎటు పోతున్నాయో ఆ లెక్కల్లో తేలుతుంది. ఊరి వ్యాపారులు, కాంట్రాక్టర్లు, జైలు బోర్డు పెద్దలు, అందరి చేతులూ అందులో ఉన్నాయి. నాసిరకంగా కట్టిన బ్యారక్ పైకప్పు కూలుతుంది. చివరికి, ఏళ్ల తరబడి అక్కడే ఉన్న అబ్రహాం అనే ముసలి నల్లజాతి ఖైదీ ఒక రహస్యం చెబుతాడు: చంపేసిన ఖైదీలను ఆ పొలంలోనే పాతిపెట్టారు. చెప్పినందుకు అతన్ని హింసించి చంపి జెండా స్తంభానికి వేలాడదీస్తారు. బ్రూబేకర్ తవ్వకం మొదలుపెడతాడు. గవర్నర్ తరఫు మనిషి లిలియన్ గ్రే రాజీ పడమంటుంది. తవ్వడం ఆపితే నిధులు వస్తాయి, సంస్కరణలు కొనసాగుతాయి అని నచ్చజెబుతుంది. అతను ఒప్పుకోడు. ఉద్యోగం పోతుంది. అతను వెళ్లిపోతుంటే ఖైదీలు చప్పట్లు కొడతారు.

కల్పన ఎంత, నిజం ఎంత?

ఈ కథకు మూలం ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని రెండు జైలు పొలాలు, టక్కర్, కమ్మిన్స్. బ్రూబేకర్‌కు మూలం టామ్ మర్టన్ అనే అధికారి. 1967లో గవర్నర్ విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ఆయన్ని తీసుకొచ్చాడు. ఆయన ఖైదీ వేషంలో వెళ్లలేదు, అది సినిమా కోసం కల్పించింది. మిగతాది చాలావరకు జరిగిందే. అంతకుముందే, 1966లో, ఆ రాష్ట్ర పోలీసులే టక్కర్ జైలు మీద దర్యాప్తు చేసి నివేదిక రాశారు. ఆ నివేదికలో 'టక్కర్ టెలిఫోన్' గురించి ఉంది. చేత్తో తిప్పే పాత టెలిఫోన్ జనరేటర్‌ని బ్యాటరీలతో కలిపి, తీగలు ఖైదీ కాలి వేలికి, మర్మాంగానికి తగిలించి కరెంటు పెట్టే పరికరం అది. పాత గవర్నర్ హయాంలో ఆ నివేదిక తొక్కిపెట్టబడింది. 1967 జనవరిలో రాక్‌ఫెల్లర్ దాన్ని బయటపెట్టాడు.

1968 జనవరి 29న కమ్మిన్స్ పొలంలో తవ్వితే మూడు అస్థిపంజరాలు దొరికాయి. చోటు చూపించింది రూబెన్ జాన్సన్ అనే ఖైదీ. దేశమంతా పత్రికలు ఆ వార్త రాశాయి. అది పేదల శ్మశానం తప్ప మరేం కాదని ప్రభుత్వం వాదించింది. తవ్వకం ఆగింది. మార్చిలో మర్టన్‌ని తీసేశారు. సంస్కరణ చేస్తానని గెలిచిన గవర్నరే తీసేశాడు. ఆ తర్వాత మర్టన్‌కు మళ్లీ ఏ జైల్లోనూ ఉద్యోగం దొరకలేదు. 1969లో ఆయన జో హయామ్స్‌తో కలిసి రాసిన పుస్తకం ఈ సినిమాకు ఆధారం.

అవినీతి అంటే లంచం మాత్రమేనా?

'సంస్థాగత అవినీతి' అన్న మాట వినగానే మనకు లంచం తీసుకునే వార్డరో, సరుకు అమ్ముకునే సూపరింటెండెంటో గుర్తొస్తాడు. సినిమా కూడా మొదట అదే చూపిస్తుంది. నెమ్మదిగా ఇంకొకటి బయటపడుతుంది. ఆ జైల్లో దొంగతనం నియమాన్ని దాటి జరగడం లేదు. జైలును నడిపే పద్ధతే దొంగతనం. తమ జైళ్ల మీద ప్రభుత్వ ఖజానా నుంచి ఖర్చు పెట్టనక్కర్లేదని ఆర్కాన్సాస్ పాలకులు దశాబ్దాలపాటు గొప్పగా చెప్పుకున్నారు. ఖైదీలు కూలీ లేకుండా పత్తి పండించారు, కూరగాయలు పండించారు, అమ్మగా రాష్ట్రానికి లాభం మిగిలింది. జీతాలు ఇవ్వకుండా కాపలా కావాలంటే ఖైదీ చేతికే తుపాకి ఇవ్వాలి. ఆ తుపాకి పట్టుకున్నవాడికి జీతం ఎవరిస్తారు? కింది ఖైదీని దోచుకుని వాడే రాబట్టుకుంటాడు. మంచి పడక కావాలంటే డబ్బు, తేలిక పని కావాలంటే డబ్బు, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే డబ్బు.

1970 నాటికి కమ్మిన్స్‌లో ఉన్న ఖైదీలు వెయ్యికి కాస్త తక్కువ. జీతం తీసుకునే ఉద్యోగులు 35 మంది. వాళ్లలో గార్డులు 8 మంది. ఈ అంకెలు కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. ఎనిమిది మంది గార్డులతో వెయ్యి మందిని అదుపు చేయడం ఎలా సాధ్యమైంది? ఖైదీలనే మెట్లు మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టును ఇంకో మెట్టు మీదికి ఉసిగొల్పడం వల్ల సాధ్యమైంది. పై మెట్టు మీదున్న ఖైదీకి తన పైనున్న ప్రభుత్వం మీద కోపం కంటే, కింది మెట్టుకు జారిపోతానన్న భయమే ఎక్కువ. కింది వాడిని కొడితేనే వాడి చోటు నిలుస్తుంది. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత తెలిసిన వాళ్లకు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పనవసరం లేదు.

కులం, జాతి ఒకటే అని ఇక్కడ అనడం లేదు. రెండింటి చరిత్రలూ వేరు. కులానికి ఉన్న మత ఆమోదం, అంటు, పుట్టుకతో కట్టేసిన వృత్తి అమెరికా జాతి వివక్షలో అదే రూపంలో లేవు. ఒక పోలిక మాత్రం గట్టిది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి అమెరికా 13వ రాజ్యాంగ సవరణ, నేరానికి శిక్షగా మాత్రం దాన్ని మిగిల్చింది. బయట చట్టం రద్దు చేసిన బానిసత్వం జైలు గోడల మధ్య బతికింది. మన దగ్గర 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అదీ జైలు మాన్యువల్‌లో బతికింది.

మన మాన్యువళ్లలో ఏముంది?

సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నిబంధనలు కొన్ని చూద్దాం. సాధారణ శిక్ష పడిన ఖైదీ చేత నీచమైన పని చేయించకూడదని, అయితే అలాంటి పనులకు 'అలవాటు పడిన' వర్గానికి చెందినవాడైతే చేయించవచ్చని ఉత్తరప్రదేశ్ మాన్యువల్ చెప్పింది. పశ్చిమ బెంగాల్ నిబంధనల ప్రకారం వంట చేసి సెల్లులకు తీసుకెళ్లేవాడు 'తగిన కులం' వాడై ఉండాలి, ఊడ్చేవాళ్లను మెహతర్, హరి, చండాల వంటి కులాల నుంచి తీసుకోవాలి. 'అలవాటు' అన్న ఆ ఒక్క మాటలో మొత్తం మనుధర్మం ఇమిడి ఉంది. తరతరాలుగా బలవంతంగా చేయించిన పనిని అలవాటు అని పిలిచి, ఆ అలవాటునే మళ్లీ చేయించడానికి కారణంగా చూపించారు.

ట్రస్టీ వ్యవస్థ మనకు కొత్తది కాదు. 1894 జైళ్ల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, జైలు అధికారులుగా నియమించిన ఖైదీలను ప్రభుత్వ ఉద్యోగులుగా పరిగణించాలి. కన్విక్ట్ వార్డర్, కన్విక్ట్ ఓవర్సీర్, నైట్ వాచ్‌మన్ అన్న పదవులన్నీ అక్కడి నుంచి వచ్చినవే. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందిని అదుపులో పెట్టడానికి వలస ప్రభుత్వం వేసిన ఎత్తు అది. ఆ మెట్లకు కూడా కులం ఉంది. పశ్చిమ బెంగాల్ నిబంధన ఒకటి, పారిపోయే గుణం సహజంగానే బలంగా ఉండే వర్గాల వారికి, ఉదాహరణకు సంచార జాతుల వారికి, రాత్రి కాపలా పదవి ఇవ్వకూడదంది. అంటే జైలు లోపల కూడా పై మెట్టు ఎక్కే అర్హత పుట్టుకతోనే తేలిపోయింది. ఆర్కాన్సాస్‌లో డబ్బు, క్రూరత్వం ఉంటే ట్రస్టీ కావచ్చు. మన దగ్గర సంచార జాతిలో పుట్టినవాడికి ఆ దారి కూడా మూసేశారు.

'సహజ గుణం' అన్న ఆలోచన 1871 నేరస్థ జాతుల చట్టంలో పుట్టింది. తెలుగు నేల మీద స్టువర్టుపురం పేరు చెబితే చాలు, దాని చరిత్ర గుర్తొస్తుంది. ఎరుకల కుటుంబాలను పట్టుకొచ్చి, సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్‌లో పెట్టి, హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే అనుమతి తెచ్చుకోమన్న చోటు అది. ఆ కాపలా పేరు కూడా 'సంస్కరణ'. 1952లో ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలోకి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1962లో అలాంటి చట్టమే చేసుకుంది. స్టువర్టుపురం పేరును తెలుగు సినిమా దొంగల కథలకు వాడుకుంది తప్ప, ఆ ఊరిని జైలుగా మార్చిన చట్టం మీద మనకు గుర్తుండిపోయే సినిమా ఒక్కటి తీయలేదు. 2024 తీర్పు ఈ చట్టాలను కూడా ప్రశ్నించింది. మాన్యువళ్లలో 'అలవాటు నేరస్థుడు' అన్న మాటను రాష్ట్ర చట్టంలోని నిర్వచనం ప్రకారమే వాడాలని, జాతిని బట్టి అంటగట్టకూడదని చెప్పింది.

సినిమా వదిలేసిన కథ

ఇక 'బ్రూబేకర్'లో మనం గట్టిగా పట్టుకోవాల్సిన విషయానికి వద్దాం. సినిమా చివర తెర మీద కొన్ని వాక్యాలు వస్తాయి. బ్రూబేకర్ వెళ్లిపోయిన రెండేళ్లకు డికీ కూంబ్స్ అనే ఖైదీ నాయకత్వంలో 24 మంది ఖైదీలు కోర్టుకు వెళ్లారని, అక్కడి పరిస్థితులు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చిందని, గవర్నర్ మళ్లీ ఎన్నిక కాలేదని. అంతే. తెర చీకటైపోతుంది.

రెండు గంటలకు పైగా ఒక తెల్లజాతి అధికారి మనస్సాక్షిని చూపించి, ఖైదీలు గెలిచిన పోరాటాన్ని కొన్ని వాక్యాల్లో ముగించారు. యాఫెట్ కోటో నటించిన ఆ కూంబ్స్ నల్లజాతి ట్రస్టీ. మొదట తన మెట్టు కాపాడుకునే మనిషి. ఎవరినీ నమ్మడు, సంస్కర్తను అసలే నమ్మడు. వ్యవస్థ తనకిచ్చిన చిన్న అధికారాన్ని వదులుకుని, తోటి ఖైదీలతో కలిసి కోర్టు మెట్లెక్కే దాకా అతను ఎలా వచ్చాడు? సినిమా చెప్పాల్సిన కథ అదే. ముసలి అబ్రహాంకు కూడా ఆ కథలో పని ఒక్కటే, నిజం చెప్పి చనిపోవడం. అతని చావు హీరో కోపానికి కారణంగా మిగిలింది.

చరిత్ర వేరేలా నడిచింది. మర్టన్ రాకముందే, 1965 నాటికే, ఆర్కాన్సాస్ ఖైదీలు కొరడా దెబ్బల మీద ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ముగ్గురు ఖైదీలు వేసిన కేసులో 1968 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు ఆ రాష్ట్ర జైళ్లలో కొరడాను పూర్తిగా నిషేధించింది. మర్టన్‌ని పంపేసి అప్పటికి తొమ్మిది నెలలు. తర్వాత 'హోల్ట్ వర్సెస్ సార్వర్' కేసు. 1970 ఫిబ్రవరిలో జడ్జి జె. స్మిత్ హెన్లీ ఆర్కాన్సాస్ జైలు వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఒక రాష్ట్రపు జైళ్లన్నిటి మీద అమెరికాలో అలాంటి తీర్పు రావడం అదే మొదలు. అక్కడితోనూ అయిపోలేదు. రాష్ట్రం అమలు చేయలేదు, ఖైదీలు మళ్లీ మళ్లీ కోర్టుకు వెళ్లారు. శిక్ష గదుల్లో రోజుకు వెయ్యి కేలరీల లోపు తిండి పెట్టడం, నెలల తరబడి ఉంచడం మీద 1978లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. ఆ కేసుల పరంపర ముగిసింది 1982లో.

సంస్కర్త ఆర్కాన్సాస్‌లో ఉన్నది ఏడాదికి కాస్త అటూ ఇటూ. ఖైదీలు పోరాడింది దాదాపు పదిహేడేళ్లు. మర్టన్ ధైర్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆ తవ్వకం జరగకపోతే దేశం చూసేది కాదు. కానీ ఒక మంచి అధికారి ఇచ్చిన దాన్ని ఇంకో అధికారి ఒక్క ఉత్తర్వుతో వెనక్కి తీసుకుంటాడు. కొరడా మూలన పెట్టేసి, అతను పోగానే బయటికి తీయవచ్చు. హక్కుగా గెలుచుకున్న దాన్ని వెనక్కి తీసుకోవాలంటే మాత్రం ప్రభుత్వం కోర్టులో జవాబు చెప్పాలి.

మన దగ్గర ఉత్తరాలు

అదే కాలంలో మన దగ్గర ఏం జరిగింది? తిహార్ జైల్లో మరణశిక్ష పడిన సునీల్ బాత్రా అనే ఖైదీ, తోటి ఖైదీని డబ్బు కోసం వార్డర్ చిత్రహింస పెట్టాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం 1979 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. జైలు గోడ దాటగానే ప్రాథమిక హక్కులు ఆగిపోవని చెప్పిన ఆ తీర్పు వెనక ఉన్నది ఏ సంస్కర్తా కాదు, సంస్థాగత అవినీతిని కళ్లారా చూసిన ఒక ఖైదీ. బిహార్ జైళ్లలో ఏళ్ల తరబడి విచారణ లేకుండా పడి ఉన్న వాళ్ల కోసం వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసు కూడా 1979దే. 'బ్రూబేకర్' విడుదలైన 1980లోనే మన ప్రభుత్వం జస్టిస్ ఎ.ఎన్. ముల్లా అధ్యక్షతన జైలు సంస్కరణల కమిటీ వేసింది. 1983లో ఆ నివేదిక వచ్చింది. దాని సిఫార్సులు నేటికీ కొత్త కమిటీల నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఈ నలభై ఏళ్లలో లోపలున్నది ఎవరో చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వంద మందికి కట్టిన చోట 131 మంది. వాళ్లలో 75.8 శాతం విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. 2011 జనాభా లెక్కల్లో 16.6 శాతం ఉన్న ఎస్సీలు జైళ్లలో దాదాపు ఐదో వంతు. ఆదివాసులు, ముస్లింలు కూడా తమ జనాభా వాటా కంటే ఎక్కువే. నేరం చేసే గుణం ఎక్కువై కాదు. పూచీకత్తు పెట్టడానికి పాస్‌బుక్ లేక, జామీను నిలబడే మనిషి దొరక్క, వాయిదాకు వచ్చే వకీలు లేక.

తెలంగాణలో 2016లో సంగారెడ్డి పాత జైలును మ్యూజియంగా మార్చి 'ఫీల్ ద జైల్' అనే పథకం పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీ బట్టలు వేసుకుని, జైలు తిండి తిని రాగలిగేవారు. డబ్బు కట్టి జైలుకు వెళ్లి, నచ్చకపోతే ముందే బయటికి రాగలిగిన వాడికి జైలు ఒక అనుభవం. బెయిలు వచ్చినా జామీను డబ్బు కట్టలేక లోపలే ఉన్నవాడికి అది కులం, పేదరికం కలిసి వేసిన శిక్ష. జైలు సినిమా చూసే మనం కూడా ఈ తేడాను మరిచిపోకూడదు. బ్రూబేకర్ ఖైదీ వేషం వేసుకోగలిగాడు, కావలసినప్పుడు విప్పేయగలిగాడు.

రాజీ అనే ప్రశ్న

సినిమాలో లిలియన్ గ్రే వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. తవ్వకం ఆపు, నిధులు వస్తాయి, రేపు తినే వాళ్లకు మంచి తిండి దొరుకుతుంది అంటుంది ఆమె. చనిపోయిన వాళ్ల కోసం బతికున్న వాళ్ల మేలు పోగొట్టుకోవాలా? మన ఉద్యమాల్లో కూడా ఈ ప్రశ్న తరచూ వస్తుంది. కేసు వెనక్కి తీసుకుంటే ఇళ్ల పట్టాలు ఇస్తామంటారు. పాత గొడవలు తవ్వకపోతే ఊళ్లో శాంతి ఉంటుందంటారు. కారంచేడు, చుండూరు బాధితులు విన్న మాటలే ఇవి.

బ్రూబేకర్ జవాబు నైతికంగా సరైనదే. కానీ ఆ జవాబు చెప్పే హక్కు ఎవరిది? తిండి పోయేది ఖైదీలకు, దెబ్బలు మళ్లీ మొదలయ్యేది ఖైదీలకు. అతనికి పోయేది ఉద్యోగం. ఖైదీల కౌన్సిల్ పెట్టినవాడు కూడా ఈ ఒక్క ప్రశ్నను ఆ కౌన్సిల్ ముందు పెట్టలేదు. సినిమా ఇక్కడ తనకు తెలియకుండానే సంస్కరణ హద్దును చూపించింది. వాళ్ల కోసం నిర్ణయించడానికీ, వాళ్లు నిర్ణయించడానికీ మధ్య ఉన్న దూరం అది. రాజీ పడాలో, తవ్వాలో చెప్పాల్సింది పాతిపెట్టబడిన వాళ్ల మనుషులు. కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో కూర్చున్న బాధితులే పోరాటాన్ని నడిపారు, బయటి నుంచి వచ్చిన వాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. ఆంధ్ర దళిత ఉద్యమం నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఇప్పుడు మనం అడగాల్సినవి

సుకన్య శాంత తీర్పు మన చేతిలో ఉన్న పనిముట్టు. 2024 డిసెంబర్ చివర కేంద్ర హోం శాఖ నమూనా జైలు మాన్యువల్‌ను, నమూనా చట్టాన్ని సవరించి, కులం పేరు మీద వివక్ష చూపకూడదని, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం జైళ్లకూ వర్తిస్తుందని చేర్చింది. కాగితం మీద ఇది మంచి మార్పు. 1970లో ఆర్కాన్సాస్ కాగితం కూడా మారింది, లోపల మారడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

అందుకే అడగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైలు నిబంధనల్లో ఏ వాక్యాలు తీసేశారు, ఏ తేదీన, ఏ జీవో ద్వారా? సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటి చాలు, లా చదువుతున్న విద్యార్థులు ఇవాళే వేయవచ్చు. అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం కాలమ్ పోయిందా? పోయినా, ఇంటి పేరు, ఊరు, వాడ చూసి పనులు పంచడం పోయిందా? దీనికి జవాబు రిజిస్టర్‌లో ఉండదు. వంటగదిలో ఎవరున్నారు, మరుగుదొడ్ల దగ్గర ఎవరున్నారు అని చూస్తేనే తెలుస్తుంది. అందుకే జిల్లా న్యాయ సేవల సంస్థ, సందర్శకుల బోర్డు కలిసి క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జిల్లాలో ఆ తనిఖీ జరిగిందా? నివేదిక ఎక్కడ? సందర్శకుల బోర్డులో అనధికార సభ్యులు ఎవరు, వాళ్లలో దళితులు, డీనోటిఫైడ్ తెగల వాళ్లు ఎంతమంది?

ఇంకొకటి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, గరిష్ట శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవాళ్లకూ వర్తించదు. కోర్టుకు ఆ దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లా జైలు నుంచి ఇలా ఎన్ని దరఖాస్తులు వెళ్లాయో అడగండి. ఆ కాగితం కదలకపోవడం కూడా అవినీతే. అందులో చేతులు మారే డబ్బు ఉండకపోవచ్చు, ఒక మనిషి ఏళ్లు మాత్రం పోతాయి.

'బ్రూబేకర్' చూడండి. చూసి, రెడ్‌ఫోర్డ్ కారెక్కి వెళ్లిపోయే దృశ్యం దగ్గర కాకుండా, ఆ తర్వాత వచ్చే ఆ వాక్యాల దగ్గర ఆగండి. ఆ 24 మంది ఎవరు, ఎలా కలిశారు, పిటిషన్ రాయడానికి కాగితం ఎక్కడ దొరికింది, రాసినందుకు ఎన్ని దెబ్బలు తిన్నారు అని అడగండి. మన జైళ్లలో కూడా ఈ క్షణంలో ఎవరో ఒకరు అలాంటి ఉత్తరం రాస్తూ ఉంటారు. ఆ ఉత్తరం గోడ దాటి వస్తే అందుకోవడానికి బయట మనుషులు ఉండాలి. ములాఖత్‌కు వెళ్లే మనుషులు, దరఖాస్తు రాసిపెట్టే మనుషులు, జామీను నిలబడే మనుషులు. మంచి వార్డెన్ వస్తే సంతోషమే. అతను వచ్చినా, వెళ్లిపోయినా, ఆ పని మనదే.